పదకొండు సెకన్ల ముసలమ్మ

"కదలకండి మేడమ్, నలభై నిమిషాలే," అంది స్కానింగు గదిలో అమ్మాయి, నలభై నిమిషాలంటే గ్లాసెడు మంచినీళ్లు తాగినంత పని అన్నట్టు. ఆమె తలని ప్లాస్టిక్ చట్రంలో పెట్టి అటూ ఇటూ స్పాంజి ముక్కలు దోపింది, చెవుల మీద హెడ్‌ఫోన్లు బిగించింది, మొహానికి జానెడు ఎత్తులో చిన్న అద్దం అమర్చింది. ఆ అద్దంలో ఆమెకి తన కాళ్లు కనిపించాయి, కాళ్ల అవతల గాజు కిటికీ, దాని వెనక ఆ అమ్మాయి కూర్చునే కుర్చీ. ఆఖరికి ఒక రబ్బరు బుడగ తెచ్చి కుడి చేతిలో పెట్టబోతే ఆమె ఎడమ చెయ్యి చాపింది. కుడి చేతి సంగతి తేల్చుకోవడానికే కదా ఈ తతంగమంతా. "ఏ ఇబ్బంది అనిపించినా ఇది నొక్కండి, వచ్చేస్తాను. కాకపోతే మధ్యలో ఆపితే ఆ భాగం మళ్లీ మొదటినుంచి తియ్యాలి, అందుకని..." అని నవ్వింది. అందుకని నొక్కకండి అని అర్థం. ఆమెకి అది విడమరిచి చెప్పక్కర్లేదు. నలభై ఆరేళ్ల ఈ మనిషి గురించి ఎవరైనా ఒక మంచి మాట చెప్పాలంటే ముందుగా చెప్పేది అదే, ఉన్నట్టే ఉండదండీ, ఎవర్నీ ఇబ్బంది పెట్టదు అని. బల్ల మెల్లగా లోపలికి జరిగింది, తెల్లటి కప్పు ముక్కు మీదకి దిగింది. ఇందాక బయట కాగితాల్లో 'మీతో వచ్చినవారు' అన్నచోట ఆమె ఒక గీత గీసి ఇచ్చేసింది. "ఎవరూ రాలేదా అమ్మా?" అని కౌంటరులో ఆయన అడిగితే "అందరూ పనుల్లో ఉన్నారండీ" అంది. అందరూ అంటే ఒక్కడే, తమ్ముడు. వాడికి ఈ సంగతే తెలీదు.

మిషను ముందు గొంతు సవరించుకుంది, తర్వాత మొదలుపెట్టింది, టక్, కాసేపు ఏమీ లేదు, టక్, మళ్లీ ఏమీ లేదు, ఎవరో ఆలోచించి ఆలోచించి ఒక్కొక్క దెబ్బే కొడుతున్నట్టు. ఊపిరి తీసుకోవచ్చా అని అడగడం మర్చిపోయింది. తీసుకోవచ్చనే అనుకుంది, అయినా కొంచెం కొంచెంగానే తీసుకుంది. ముక్కు పక్కన దురద మొదలైంది, మొదలవ్వకుండా ఎలా ఉంటుంది, వద్దన్న చోటే అన్నీ మొదలవుతాయి. టక్. ఈ చప్పుడు తనకి తెలుసు. ఇలాగే తల తిప్పకుండా, చెయ్యి కదపకుండా, ఈ టక్కుల్ని ఒక్కొక్కటీ లెక్కపెట్టిన రోజొకటి ఉంది. ఎనిమిదేళ్లప్పుడు, నాన్న పనిచేసే బొమ్మల సినిమా స్టూడియోలో. బొమ్మని వెంట్రుకవాసి కదిపి ఒక ఫోటో, ఇంకో వెంట్రుకవాసి కదిపి ఇంకో ఫోటో, అలా ఇరవై నాలుగు తీస్తే తెర మీద ఒక్క సెకను గడుస్తుంది. నాన్న బతుకంతా ఆ పనే. పొద్దున వెళ్లి చీకటిపడ్డాక వచ్చేవాడు, "ఇవాళ ఎంతయింది నాన్నా?" అని అడిగితే, "బాగానే అయిందమ్మలూ, నాలుగు సెకన్లు" అనేవాడు. పక్కింటి పిల్లల నాన్నలు ఎవరూ అలా చెప్పేవాళ్లు కాదు. ఒకాయన తలుపులు చేసేవాడు, ఒకాయన ఉత్తరాలు పంచేవాడు, ఈయనొక్కడే సెకన్లు చేసేవాడు.

ఆ రోజు తనని తీసుకెళ్లాలని ఆయనేం ముచ్చటపడలేదు. అమ్మ కడుపుతో ఉండి, కాళ్లు వాచాయని డాక్టరు ముందుగానే ఆస్పత్రిలో ఉంచేశాడు. బడికి సెలవు, పక్కింటివాళ్లు ఊళ్లో లేరు. "నాతో రా, కానీ అక్కడ అల్లరి చెయ్యకూడదు" అన్నాడు, తనేదో ఇంట్లో గంతులేసే పిల్ల అయినట్టు. స్టూడియో ఒక పాత గోదాము. గుమ్మం దగ్గర చెప్పులు విప్పాలి. లోపల చెక్కల నేల, ఎవరు గట్టిగా అడుగు వేసినా ఆ చెక్క కదిలి, దాని మీద బల్ల కదిలి, బల్ల మీద బొమ్మ కదిలి, రెండు రోజుల పని బూడిదపాలవుతుంది. అందుకని అక్కడ అందరూ మునివేళ్ల మీద నడిచేవాళ్లు, తుమ్ము వస్తే బయటికి పరిగెత్తేవాళ్లు, పరుగు కూడా మునివేళ్ల మీదే. కిటికీలన్నిటికీ నల్ల గుడ్డలు. జిగురు వాసన, రంగుల వాసన, కాలిన బల్బు వాసన. ఒక్కో సినిమా గది ముందూ ఒక మేకు, మేకుకి ఎర్ర దారం. "దారం అడ్డంగా కట్టి ఉంటే లోపల షాటు సగంలో ఉందని అర్థం. యజమాని వచ్చినా సరే, దాన్ని దాటి లోపలికి రాకూడదు" అని నాన్న చెప్పాడు. ఆ చెప్పడంలో ఎంత గర్వమో. ఇంట్లో ఎవరూ ఆయన మాట అంతగా వినేవాళ్లు కాదు.

టక్ టక్ టక్ అని చప్పుడు వేగం పెంచింది, ఏదో గుర్తొచ్చినట్టు చటుక్కున ఆగింది. "బాగుంది మేడమ్, ఇలాగే ఉండండి" అంది చెవిలో ఆ అమ్మాయి. ఇలాగే ఉండటం తనకి వెన్నతో పెట్టిన విద్య, అనుకుంది. ఇందాక ఆ పిల్ల అడిగింది, "ఒంట్లో ఎక్కడైనా లోహం ఉందా? ప్లేట్లు, స్క్రూలు?" అని. లేవని చెప్పింది, చెబుతుంటే నవ్వొచ్చింది, ఎందుకంటే అప్పుడే నాన్న సినిమాలో బొమ్మ, ముసలమ్మ గుర్తొచ్చింది. ముసలమ్మ ఒంటినిండా స్క్రూలే. జానెడున్నర మనిషి, పైకి స్పాంజి కండ, మైనం మొహం, స్టూడియోలో బొమ్మల బట్టలు చూసే కుట్టు అత్తయ్య కుట్టిన బూడిదరంగు గౌను, లోపల మాత్రం మోకాలికొకటి మోచేతికొకటి స్టీలు కీళ్లు, అరికాళ్ల కింద నుంచి బల్లకి బిగించే మర. ముసలమ్మని ఈ మిషనులోకి రానివ్వరు. నోళ్లు కూడా ఆవిడకి విడిగానే ఉండేవి, ఒక చాక్లెట్ల డబ్బాలో దూది మీద వరసగా, మూసిన నోరు, కొంచెం తెరిచిన నోరు, దగ్గే నోరు, 'ఎవరూ' అని అడిగే నోరు. తను అన్నీ వెతికి, "నవ్వే నోరేదీ?" అంది. "ఈ కథలో ఆవిడ నవ్వదమ్మలూ, అందుకని చెయ్యలేదు" అన్నాడు నాన్న. కథంతా కలిపి ఇంతే, ముసలమ్మ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని ఎవరో వస్తారని కూర్చుంటుంది, ఒకరోజు తలుపు చప్పుడవుతుంది. ఆ చప్పుడు విని కుర్చీలోంచి లేచి నిలబడే షాటు ఆ రోజు తీస్తున్నారు. పదకొండు సెకన్లు. రెండువందల అరవై నాలుగు ఫోటోలు.

గోడ పక్కన ఒక ఎత్తు పీట మీద తనని కూర్చోబెట్టి, పిల్ల ఊరుకోవాలంటే ఏదో ఒక పని అప్పగించాలని కాబోలు, "లెక్క నీ దగ్గర ఉంచు. నేను కెమెరా నొక్కినప్పుడల్లా ఒకటి. ఎక్కడిదాకా వచ్చామో నేనడిగితే చెప్పాలి" అన్నాడు. ఆ క్షణాన తన ఛాతీ ఎంత పొంగిందో ఇప్పటికీ గుర్తే. నాన్న వంగేవాడు, ముసలమ్మ మోచేతిని రెండు వేళ్లతో పట్టుకుని ఇంత, ఇంతంటే ఇంతే కదిపేవాడు, వెనక్కి జరిగేవాడు, టక్. ఒకటి. మళ్లీ వంగేవాడు. ముప్పై రెండు. కాఫీ చల్లారిపోయింది. డెబ్భై. నాన్న రొట్టెముక్క తెచ్చి తన ఒళ్లో పెట్టాడు. నూటపది. ముసలమ్మ ఒక చెయ్యి కుర్చీ మీద ఆన్చి, రెండో చెయ్యి నడుం మీద పెట్టి, సగం లేచింది. మొదట్లో ఏమీ జరగనట్టే ఉండి, తల తిప్పుకుని మళ్లీ చూసేసరికి మనిషి లేస్తూ ఉంది. తను అప్పటికే గట్టిగా నిశ్చయించుకుంది, ముసలమ్మ పూర్తిగా నిలబడేదాకా తనూ కదలకూడదని. నూట ముప్పై ఏడు. అప్పుడు వరండాలో ఫోను మోగింది, ఎవరో గుమ్మం దగ్గర నిలబడి గుసగుసగా, "మీకే, ఆస్పత్రి నుంచి" అన్నారు. నాన్న మునివేళ్ల మీద వెళ్లాడు, మునివేళ్ల మీదే తిరిగొచ్చాడు, మొహం పాలిపోయి ఉంది. వేడికి ముసలమ్మ మొహం కరిగిపోకుండా లైట్లు ఒక్కొక్కటీ ఆర్పాడు. ఆఖరి లైటూ ఆర్పాక ఆగి, "కదలకు. ఇప్పుడే వస్తా" అని, గుమ్మానికి నల్ల గుడ్డ దించి, ఎర్ర దారం అడ్డంగా కట్టి వెళ్లిపోయాడు.

ఇక్కడే ఉంది అసలు సంగతి. పొద్దుటినుంచి ఆయన కాఫీకి వెళ్లినా, మూత్రానికి వెళ్లినా, వెళ్లేముందు ముసలమ్మకేసి చూసి ఆ మాటే అనేవాడు. కదలకు, ఇప్పుడే వస్తా. అలవాటు. ఆఖరిసారి అన్నప్పుడు గదిలో చీకటి పడిపోయింది, మొహం ఎటు తిరిగి ఉందో కనిపించలేదు, అమ్మలూ అని పిలవనూ లేదు. ఆ మాట తనతో అన్నాడా, ముసలమ్మతో అన్నాడా? ముప్పై ఎనిమిదేళ్లుగా ఆమె తేల్చుకోలేకపోయింది. ఒక్కోసారి పడుకోబోతూ తనతోనే అని తీర్పు చెప్పుకునేది, నిద్ర లేచేసరికి తీర్పు మారిపోయేది. బొమ్మతో అని ఉంటే తన సంగతే ఆయనకి గుర్తులేదని కదా. తనతో అని ఉంటే, రాలేదు కదా.

మిషను ఇప్పుడు వేరే రకం మోత అందుకుంది, పళ్లు కూడా అదిరేంత. కుడి చేతి వేళ్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు, కదిపి చూడటానికి వీల్లేదు. మూడు నెలలుగా ఇంతే. ఆమె కళ్లజోళ్ల దుకాణంలో వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీస్తుంది, ఫ్రేములు బిగిస్తుంది. చీమ తలకాయంత స్క్రూలు, ఇరవై రెండేళ్లుగా ఒక్కటి జారింది లేదు, ఇప్పుడు రోజుకి నాలుగైదు జారుతున్నాయి. జారిన ప్రతిసారీ నేల మీద మోకాళ్లేసి వెతుకుతూ, ఎవరూ చూడలేదు కదా అని తలెత్తి చూసుకుంటోంది. దుకాణం పెద్దాయన "ఏమిటమ్మా ఈమధ్య?" అన్నాడు. "కళ్లు మసకేస్తున్నాయండీ" అంది. కళ్లజోళ్ల దుకాణంలో ఇంతకన్నా గడుసు అబద్ధం దొరకదు, ఆయన వెంటనే కొత్త అద్దాలు చేయించి ఇచ్చాడు. ఇంటికెళ్తే రెండు గదులు, ఒక స్టవ్వు, అమ్మ తర్వాత నాన్న కూడా పోయాక నాలుగేళ్లుగా ఒక్క కంచం. మాట్లాడాల్సిన రోజుకి సరిపడా ఆమెకీ నోళ్లు ఉన్నాయి డబ్బాలో, 'సరేనండీ' నోరు, 'పర్లేదండీ' నోరు, 'నాకేం' అనే నోరు. పొద్దున ఒకటి తగిలించుకుంటే సాయంత్రం దాకా నడిచిపోతుంది. ఒకప్పుడు అద్దాల కంపెనీ నుంచి వచ్చే ఒకాయన ఉండేవాడు, మంచి మనిషి, వేరే ఊరికి బదిలీ అయితే, "సర్దుకుని రెండు నెలల్లో వస్తాను" అని వెళ్లాడు. ఆమె ఒక ఉత్తరం రాసి ఉండొచ్చు, ఫోను చేసి ఉండొచ్చు, రైలెక్కి వెళ్లి ఏమైందయ్యా బాబూ అని నిలదీసి ఉండొచ్చు. ఆరేళ్లు బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. తెలిసినవాళ్లు ఎంత ఓర్పో అన్నారు.

ఆ రోజు స్టూడియో చీకట్లో కూడా అలాగే కూర్చుంది. మొదట్లో భయం వెయ్యలేదు, నూట ముప్పై ఏడు, నూట ముప్పై ఏడు అని లోపలే అనుకుంటూ ఉంది, నాన్న రాగానే అడుగుతాడు కదా. రేకు కప్పు చల్లారుతూ టిక్కుమనేది, అది లెక్కలోకి రాదని తనకి తనే చెప్పుకుంది. ముసలమ్మ ఎదురుగా ఉంది, కనిపించదు కానీ ఉంది, సగం లేచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, పాపం ఆవిడకి ఇంకా కష్టం. బయట మాటలు, నవ్వులు, చెప్పులు వేసుకుంటున్న చప్పుడు, ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. పిలిస్తే వచ్చేవాళ్లే. దారం ఉంది కాబట్టి ఎవరూ లోపలికి తొంగిచూడలేదు, పిల్ల నాన్నతోనే వెళ్లిందనుకున్నారు. తను పిలవలేదు, గట్టిగా పిలిస్తే చెక్క కదులుతుందేమోనని. తర్వాత మూత్రం వచ్చింది. ఓర్చుకుంది. కాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుని, పళ్లు బిగించి, నూట ముప్పై ఏడు. పీట దిగితే నేల కదులుతుంది, నేల కదిలితే ముసలమ్మ కదులుతుంది, నాన్న రెండు రోజుల పని. వెచ్చగా గౌను తడిసి, పీట తడిసి, ఒక్కొక్క చుక్కా చెక్క మీద పడుతుంటే, ఆ చుక్కలకి కూడా నేల అదురుతుందేమోనని ఏడుపొచ్చింది, ఏడిస్తే ఒళ్లు కదులుతుందని దాన్నీ మింగేసింది. ఇంత చిన్న పిల్ల అంత ఏడుపు ఎక్కడ దాచుకుందో, ఇప్పుడీ తెల్లటి గొట్టంలో పడుకుని తలుచుకుంటే ఆమెకి ఆ పిల్ల మీద జాలి కన్నా కోపమే వస్తోంది. అరవ్వే పిచ్చిదానా. ఒక్క కేక వెయ్యి.

కుట్టు అత్తయ్యే చూసింది చివరికి. బొమ్మల మీద దుమ్ము పడకుండా గుడ్డలు కప్పి వెళ్లడం ఆవిడ ఆఖరి పని. నల్ల గుడ్డ తప్పించి, దారం బయటినుంచి టార్చి వేసింది, వెలుగు ముసలమ్మ మీదనుంచి గోడ మీదకి జారి తన మొహం మీద ఆగింది. "అమ్మో! పిల్ల!" అంది ఆవిడ. తను వెలుగుకి కళ్లు చిట్లించి ఒక్కటే అడిగింది. "ఇప్పుడు కదలొచ్చా?" కుట్టు అత్తయ్య దారం తెంపేసి లోపలికి వచ్చింది, ధబధబా అడుగులేసుకుంటూ, ఆ స్టూడియోలో అలా నడిచిన మనిషి ఆవిడొక్కతే అయి ఉంటుంది. ఎత్తుకుంది. తడి గౌను విప్పి, ముసలమ్మ ఇంటి కిటికీకి కుట్టిన పూల పరదా గుడ్డలో మిగిలింది చుట్టి, నాలుగు కుట్లేసి పరికిణీ చేసింది. "ఎవ్వరికీ చెప్పను, ఒట్టు" అంది, చెప్పలేదు కూడా ఎవరికీ. అంతలో నాన్న వచ్చాడు. పరిగెత్తుకొచ్చినట్టు జుట్టంతా రేగి, ఒక కాలికే చెప్పు. గుమ్మం దగ్గర ఆగి ఆ చెప్పు విప్పాడు. విప్పి, మునివేళ్ల మీద, ఒక్కొక్క అడుగూ చూసి చూసి వేస్తూ, తన దగ్గరికి వచ్చాడు.

ఆ నడక ఆమె ఇప్పటికీ క్షమించలేదు. పిల్లని చీకట్లో మర్చిపోయి, గుర్తొచ్చి వచ్చి, అప్పుడు కూడా బొమ్మ కదులుతుందనే చూసుకున్నాడు మనిషి. "తమ్ముడు పుట్టాడమ్మలూ" అన్నాడు. లెక్క ఎక్కడిదాకా వచ్చిందని అడగలేదు. తను చెప్పడానికి నోరు తెరిచి పెట్టుకుని ఉంది, ఆయన అడగలేదు, మర్నాడు కెమెరాకి ఉన్న మీటరు చూసుకుని మొదలుపెట్టాడని తర్వాత తెలిసింది. పైగా మర్నాటినుంచి ఆస్పత్రిలో, ఇంట్లో, దారిలో, ఎవరు కనిపించినా, "ఎంతసేపు కూర్చుందో తెలుసా! అచ్చం బొమ్మలా! ఇలాంటి పిల్ల ఉంటుందా అండీ?" అని చెప్పుకున్నాడు. ఆయన మర్చిపోయిన మాట ఎగిరిపోయింది, పిల్ల కదలని మాటే మిగిలింది. అందరూ బుగ్గలు పుణికారు. ఆ మెప్పుకి తను పడిపోయింది, అదే తనకున్న ఒకే ఒక గొప్ప అనుకుంది. ఎనిమిదేళ్ల పిల్లకి ఎవరు చెబుతారు, ఆ గొప్ప పట్టుకుని కూర్చుంటే నలభై ఆరేళ్లు వచ్చేస్తాయని.

సినిమా రెండేళ్లకి వచ్చింది. బడిలో వరసగా నిలబెట్టి తీసుకెళ్లారు. ముసలమ్మ లేచే చోటు వచ్చింది. లేస్తూ లేస్తూ, సగంలో, ఒక్క చిన్న కుదుపు. రెప్ప వేస్తే కనిపించదు. పక్క పిల్లలు ముసలమ్మకి నడుం నొప్పనుకుని నవ్వారు. తనకి తెలుసు. నూట ముప్పై ఏడుకీ దాని తర్వాతి దానికీ మధ్య ఒక రాత్రి ఉంది, తమ్ముడు పుట్టాడు, తను గౌను తడుపుకుంది, అదంతా ఆ కుదుపులోనే ఉంది. మళ్లీ తియ్యమని దర్శకుడు అడిగాడట, నాన్న "ఉండనివ్వండి" అన్నాడట, కుట్టు అత్తయ్య చెప్పింది. ఎందుకు ఉంచేశాడో తను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఎప్పుడైనా టీవీలో ఆ సినిమా వేస్తే మాత్రం, ఆ షాటు వచ్చే వేళకి మంచినీళ్లు తాగే మిషతో లేచి వంటగదిలోకి వెళ్లేవాడు. మునివేళ్ల మీద. ఇంట్లోనూ అలాగే నడిచేవాడు, చివరి రోజుల్లో ఆస్పత్రి వరండాలో కూడా, నర్సులు వెనకనుంచి మనిషి వచ్చిన సంగతి తెలియక ఉలిక్కిపడేవాళ్లు. ముప్పై ఏళ్లు చెక్కల నేల మీద నడిచిన కాళ్లకి ఇంకో నడక రాదని ఆమెకి తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం పోవాలని ఎక్కడుంది?

"ఇంక చివరిది మేడమ్, ఆరు నిమిషాలు. అస్సలు కదలకండి" అంది చెవిలో గొంతు. అద్దంలో ఆ అమ్మాయి లేచి, ఎవరితోనో మాట్లాడుతూ, కిటికీలోంచి పక్కకి తప్పుకుంది. కుర్చీ ఖాళీ అయింది. అంతే. జరిగింది అంతే, ఒకమ్మాయి కుర్చీలోంచి లేచింది. అయినా గొట్టం ఒక్కసారిగా బిగుసుకుంది. ఈ తలలో ఏముందో ఇంకాసేపట్లో తేలుతుంది, తేలాక ఒక కవరు ఇస్తారు, ఆ కవరు పట్టుకుని బస్సెక్కాలి, తాళం తియ్యాలి, స్టవ్వు వెలిగించాలి. ఎవరికీ చెప్పకుండా ఎన్నాళ్లు? నేల మీద స్క్రూలు వెతుక్కుంటూ? చచ్చిపోయాక కూడా ఉన్నట్టే ఉండేది కాదండీ అంటారు. తమ్ముడు గుర్తొచ్చాడు. వాడి పేరు ఇంట్లో బొంగరం. తనలో లేని కదలికంతా వాడికే ఇచ్చేశాడు పైవాడు, తింటూ తిరుగుతాడు, మాట్లాడుతూ తిరుగుతాడు. లిఫ్టులు బాగుచేస్తాడు. మొన్నామధ్య చెప్పాడు, ఒకాయన లిఫ్టులో ఇరుక్కుని గంటన్నర నిలబడ్డాడట, గంట నొక్కలేదట. "ఏవండీ, బటన్ నొక్కచ్చుగా అంటే, మీరంతా పనుల్లో ఉంటారు కదా, ఎందుకులే అని అన్నాడక్కా! నవ్వాలా ఏడవాలా? అది ఉన్నదే నొక్కడానికి కదా!" ఆమె కూడా నవ్వింది ఆ రోజు, వాడి పళ్లెంలో ఇంకొంచెం అన్నం వడ్డిస్తూ. ఇప్పుడు ఎడమ చేతిలో రబ్బరు బుడగ చెమటకి తడిగా ఉంది. నొక్కితే ఆరు నిమిషాల పని పాడవుతుంది, బయట ఇంకెవరో వరసలో ఉన్నారు, ఆ పిల్ల విసుక్కుంటుంది. చెక్క కదులుతుంది. కదలనీ. నొక్కింది. చాలదేమోనని మళ్లీ నొక్కింది, వదలకుండా పట్టుకుంది.

మోత ఆగిపోయింది. పరుగు అడుగులు, బల్ల బయటికి జారడం, లైటు వెలుగులో ఆ అమ్మాయి కంగారు మొహం. "ఏమైంది మేడమ్? ఊపిరి ఆడట్లేదా?"

"ఆడుతోందమ్మా. మా తమ్ముడికి ఫోను చెయ్యాలి."

"ఇప్పుడా? ఆరే నిమిషాలు మేడమ్, అయిపోయాక..."

"ఇప్పుడే. లోపల ఒక్కదాన్నే ఉండలేను. మళ్లీ మొదటినుంచి తియ్యండి, నేను ఆగుతాను." ఈ మాటలకి తగిన నోరు తన డబ్బాలో ఎక్కడ ఉందో ఆమెకే తెలీదు.

ఆ అమ్మాయి విసుక్కోలేదు. తర్వాతి మనిషిని ముందు పంపిస్తానంది, మీవాళ్లు వస్తే లోపల మీ కాళ్ల దగ్గర కూర్చోవచ్చు, అందరివాళ్లనీ అలా కూర్చోబెడతాం, మీరే ఎవరూ లేరన్నారు అంది. ఫోను ఎడమ చేత్తో పట్టుకోవడం చేతకాక రెండుసార్లు జారింది. అవతల ఏదో మోటారు హోరు, దాని మీంచి వాడి గొంతు. ఆమె చెప్పింది, మూడు నెలల సంగతి మూడు ముక్కల్లో, చెయ్యి, స్క్రూలు, ఇక్కడ, ఇవాళ. హోరు ఆగిపోయింది. వాడు అరుస్తాడనుకుంది, ఎందుకు చెప్పలేదని తిడతాడనుకుంది. 

"కదలకక్కా," అన్నాడు. "అక్కడే ఉండు. ఇప్పుడే వస్తా."

వాడి పనిలో రోజుకి పదిసార్లు వాడే మాట అది, ఇరుక్కున్న వాళ్లందరితోనూ అంటాడు. ఆమె ఫోను ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. అక్కా అన్నాడు. ఈసారి ఎవరితో అన్నాడో వెతుక్కోనక్కర్లేదు. కళ్లలోంచి నీళ్లు వాటంతటవే కారాయి, పక్కన వాళ్లు చూస్తున్నా తుడుచుకోలేదు, ఒకావిడ తన చేతిరుమాలు ఇస్తే తీసుకుంది.

ఇరవై నిమిషాలకి వచ్చాడు. తలుపు బయటినుంచే వాడి గొంతు, ఆ పిల్ల గొంతు, "లోహం ఏదీ ఉండకూడదు సార్, అన్నీ తీసెయ్యండి", ఇంక ఒకటే చప్పుడు, ట్రేలో స్పానరు పడటం, తాళాలు, బెల్టు, మరలు, మేకులు, టెస్టరు, "ఇంకా ఉన్నాయా సార్?", "ఆగమ్మా, వెనక జేబు." ఆమె అప్పటికే మళ్లీ లోపల బల్ల మీద పడుకుని ఉంది, తల చట్రంలో, ఎదురుగా అద్దం. అద్దంలో తలుపు తెరుచుకుంది. వాడు గుమ్మం దగ్గర ఆగాడు. మెట్లు దిగుతుంటే మూడు వీధులకి వినిపించే మనిషి, గచ్చు నేల, ఇక్కడ కదిలి పాడయ్యేది ఏమీ లేదు, అయినా బూట్లు విప్పి, మేజోళ్ల కాళ్లతో, మునివేళ్ల మీద, ఒక్కొక్క అడుగూ చూసి చూసి వేస్తూ వచ్చాడు. గ్రీజు మరకల చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక ముందుకి చాపుకుని. కళ్లు ఆమె కాళ్ల మీదే ఉన్నాయి, మొహం పాలిపోయి ఉంది. ఆ మొహం ఆమెకి తెలుసు. టార్చి వెలుగులో ఒక చెప్పు విప్పిన మనిషి మొహం అది. ఆ రోజు ఆ గదిలో ముసలమ్మ ఒక పక్కన ఉంది, తను ఇంకో పక్కన, కుట్టు అత్తయ్య ఒళ్లో. ఆయన ముసలమ్మకేసి ఒక్కసారి కూడా చూడలేదు. ఇన్నేళ్లూ కాళ్లనే గుర్తుపెట్టుకుంది కానీ, కళ్లు ఎటు చూస్తున్నాయో ఎన్నడూ తలుచుకోలేదు.

"ఉన్నానక్కా" అన్నాడు తమ్ముడు, కుర్చీ లాక్కుని, ఆమె కాలి బొటనవేలు గుప్పిట్లో పట్టుకుని. వెంటనే ఆ పిల్లకేసి తిరిగి, "కాలు పట్టుకుంటే పాడవదు కదమ్మా?" అని అడిగాడు.

"తల కదలకపోతే చాలు సార్."

బల్ల లోపలికి జరిగింది. తెల్లటి కప్పు ముక్కు మీదకి దిగింది. తలలో ఏముందో ఇంకా తెలీదు, కవరు ఇంకా రావాల్సే ఉంది, కాలి వేలు మాత్రం వెచ్చగా ఉంది. వాడు మామూలు ప్రకారం కుదురుగా ఉండలేక మోకాలు ఆడిస్తున్నాడు, ఆ ఊపు వేలిదాకా వస్తోంది. ఆమె ఆ వేలుని వాడి గుప్పిట్లో ఒకసారి కదిపింది. వాడు గట్టిగా పట్టుకున్నాడు. మిషను గొంతు సవరించుకుంది.

టక్.

నూట ముప్పై ఎనిమిది, అని లెక్కపెట్టుకుంది.